అప్‌డేట్: మా అంగడి డొమైన్ మా చేతికొచ్చింది

పోయిన నెల అడిగినా కదా, అనంతపురంలో మా నాయన గానుగ నూనె అంగడికి వెబ్‌సైట్ చేసిన అబ్బాయి ఫోన్ ఎత్తడంల్యా, డొమైన్ (వెబ్‌సైట్ పేరు) గడువు దగ్గరపడింది, ఏం చేయాలని. పని అయింది. దోవ చూపిన అందరికీ దండాలు.

మీరు చెప్పినట్టే ముందు పాత బిల్లులు వెతికినా. శెనక్కాయల లెక్కల పుస్తకంలో, నూనె మరకలతో, రసీదు దొరికింది. ఓనరు పేరు నాయనదే! ఈమెయిల్ మాత్రం ఆ అబ్బాయిది. అందుకే గడువుకు నెల ముందు, వారం ముందు రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) పంపాల్సిన నోటీసులు మాకు ఒక్కటీ అందలేదు.

రసీదు, నాయన పాన్ కార్డు, జీఎస్టీ సర్టిఫికెట్ పంపితే నాలుగో రోజు ఈమెయిల్ మార్చినారు. వెంటనే రెండేళ్లకు రెన్యూవల్ కట్టేసినా. వేరే రిజిస్ట్రార్‌కు పోవాలంటే ఆథ్ కోడ్ (డొమైన్ మార్చుకోను కావాల్సిన రహస్య కోడ్) అడిగిన 5 రోజుల్లో ఇవ్వాలని ఐకాన్ (డొమైన్ల నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) నియమం. కానీ ఓనరు వివరాలు మార్చినందుకు మాకు 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కు పోకుండా లాక్ పడింది. పడనీ, తొందరేం లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. పేరు మనదైతే బాధ్యతా మనదే. వివరాలు మారితే 7 రోజుల్లో సరిచేయాల. అవి సరైనవేనా అని రిజిస్ట్రార్ అడిగినప్పుడు 15 రోజులు దాటినా పలకకపోతే డొమైన్ ఆపేయొచ్చు, రద్దూ చేయొచ్చు. మా దాంట్లో ఉన్న నంబరు నాయన ఎప్పుడో పారేసిన సిమ్‌ది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

ఆ అబ్బాయిని తిట్టొద్దండి. నాయన పేరున రిజిస్టర్ చేసింది అతనే, అదే మమ్మల్ని కాపాడింది.

నిన్నటి నుంచి నాయన సీసాలకు వెబ్‌సైట్ పేరున్న లేబుళ్లు మళ్లీ అంటిస్తున్నాడు.