‘పదిమందిలో పాము చావదు’ – మరి చలిచీమలు ఎట్లా చంపాయి?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి ఒక టీచర్):
అందరికీ నమస్కారం. ‘పదిమందిలో పాము చావదు’ అంటాం. సుమతీ శతకమేమో ‘బలవంతమైన సర్పము చలిచీమల చేత చిక్కి చావదె’ అంటుంది. రెండుచోట్లా పామే, గుంపే. పిల్లలు అడిగితే ఏమని చెప్పాలి? ఈ సామెత, ‘మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన’ ఒకటేనా?

జవాబు (నల్లగొండ):
మేడం, ముందు మజ్జిగ సంగతి. రెండూ ఒకటి కావు. మజ్జిగ దగ్గర ఇంకొకడు వస్తే నా గ్లాసు పలుచనవుతుంది. పాము చస్తే అట్లా కాదు, కర్ర పట్టినోడికీ అరుగెక్కి చూసినోడికీ లాభం ఒక్కటే. వందమంది ఉన్నా నా వాటా తగ్గదు. కాటు పడితే మాత్రం కొట్టబోయినోడికే పడుతుంది. అందుకే అందరూ ‘కొట్టండి, కొట్టండి’ అంటారు, ‘నేను కొడతా’ అనేవాడు ఉండడు.

పదిమందీ పిరికివాళ్లని సామెతకు అర్థం చెప్తుంటారు. నాకది నచ్చదు. ఆ పిరికివాడే ఇంట్లో ఒక్కడున్నప్పుడు పామొస్తే కర్ర తీస్తాడు. అమెరికా ఆర్థికవేత్త మాన్సర్ ఓల్సన్ 1965లో చెప్పింది ఇదే: అందరికీ కావలసిన పనైనా సరే, గుంపు పెరిగేకొద్దీ అది జరగడం కష్టం. చేసినవాడికి విడిగా ఏదైనా దక్కాలి, లేదా చేయనివాడికి విడిగా ఏదైనా తగలాలి.

మన చెరువుల కింద ఈ కిటుకు పాతదే. తూము తీయడం, మూయడం ఊరందరి పని అని వదిలేయలేదు. నీరటికాడికి అప్పజెప్పి, పంట రాగానే కల్లంలోనే అతని వడ్లు కొలిచేవారు. అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఓస్ట్రామ్ స్పెయిన్ కాలువలు, స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్లు పరిశీలించి 1990లో రాసినదాంట్లోనూ ఇలాంటి కాపలాదారు ఉంటాడు, తప్పును బట్టి పెరిగే జరిమానా ఉంటుంది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మిషన్ కాకతీయలో పూడిక తవ్వింది ప్రభుత్వం, ఒండ్రుమట్టి తోలుకున్నది రైతులు, అదీ సొంత ఖర్చుతో. చెరువు అందరిదే అయినా, ఎవరి ట్రాక్టరు మట్టి వాళ్ల చెలకకే పోయింది మరి.

ఇక పద్యం. మనకు చివరి రెండు పాదాలే నోట్లో నానుతాయి. మొదలు చూడండి: ‘బలవంతుడ నాకేమని పలువురతో నిగ్రహించి పలుకుట మేలా’. కవి మాట్లాడుతున్నది పాముతో, చీమలతో కాదు. నలుగురితో పెట్టుకోకు అని బలవంతుడికి హెచ్చరిక అది. సామెతేమో ఆ నలుగురి మీద విసుగు. పైగా చీమలు మనలాగా ‘నేనే ఎందుకు’ అని లెక్కలేసుకోవు. గొడవ ఏమీ లేదు.

ఇంకొకరు (మర్రిగూడ):
అన్నా, చీమలు లెక్కలేసుకోవు, సరే. మనుషులే చీమలైన ముచ్చట మన జిల్లాలోనే ఉంది కదా. ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని 1996లో జలసాధన సమితి వాళ్లు నామినేషన్లు వేయిస్తే, నల్లగొండ లోక్‌సభ సీటుకు 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఇది మీ ఓల్సన్‌కు ఎట్లా కుదురుతుంది?

జవాబు (నల్లగొండ):
సగం కుదురుతుంది తమ్మీ. అప్పట్లో జనరల్ అభ్యర్థికి డిపాజిట్ 500 రూపాయలే, అంటే ఒక్కొక్కరి మీద పడే ఖర్చు తక్కువ. పైగా నామినేషన్ అంటే పేరు పెట్టి సంతకం చేయడం, గుంపులో దాక్కునే వీలు లేదు. వంగిపోయిన కాళ్లతో తిరిగే మనిషి కోపం మాత్రం ఏ లెక్కకూ అందదు, అది ఒప్పుకుంటా.

ఆ తర్వాతి కథ ఇంకా బాగుంటుంది. అదే ఏడాది చట్టం మార్చి డిపాజిట్ 10,000 చేశారు. చీమకు ఒక్కో కాటు ఖర్చు ఇరవై రెట్లు! పద్యం పాముకు బాగానే అర్థమైందన్నమాట.

కానీ 2019లో నిజామాబాద్ చూడండి. డిపాజిట్ 25,000కు చేరినా పసుపు, ఎర్రజొన్న రైతులు కట్టి మరీ దిగారు. మొత్తం అభ్యర్థులు 185. దీన్ని ఓల్సన్ లెక్కలో ఇమడ్చడం నా వల్ల కావట్లేదు, ఎవరైనా చెప్తే వింటా.