గోవాలో స్థిరపడిన చలనచిత్రోత్సవం మళ్లీ ఊళ్లు తిరగాలా?

మూడులాంతర్లు (విజయనగరం):
భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 1952 జనవరి 24న బొంబాయిలో మొదలై, అక్కడితో ఆగక మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరాలకు కూడా వెళ్లింది. ఉత్తరాంధ్ర అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కనుక, ఉత్సవం మన రాజధానికి వచ్చినట్టే లెక్క. ఆ ఏడాది ప్రదర్శించిన ఇటలీ చిత్రం 'బైసికిల్ థీవ్స్' చూసిన ప్రేరణతోనే దర్శకుడు బిమల్ రాయ్ హిందీలో 'దో బీఘా జమీన్' తీశారు. ఒక ఉత్సవం ఒక ఊరికి వెళ్లడం వల్ల కలిగే మేలు అది. 1986లో ఇదే ఉత్సవం 'ఫిల్మోత్సవ్' పేరుతో హైదరాబాదుకు వచ్చింది. 2004 నుంచి మాత్రం అంతా గోవాకే పరిమితమైంది. ఉత్సవం మళ్లీ తిరగాలని, విశాఖకైనా ఒక ఏడాది రావాలని నా అభిప్రాయం.

ఏడురోడ్లు (శ్రీకాకుళం):
మీతో ఏకీభవించలేను. వెనిస్ ఉత్సవం 1932లో మొదలైంది, కాన్ ఉత్సవం 1946లో. ఆ ఊళ్ల పేర్లే ఆ ఉత్సవాలకు పేర్లయ్యాయంటే, అవి అక్కడే పాతుకుపోవడం వల్లే. కేరళ ఉత్సవం కూడా 1994లో కోళికోడ్‌లో మొదలైనా, తిరువనంతపురంలో కుదురుకున్నాకే దానికి ఏటా తప్పక వచ్చే ప్రేక్షకులు ఏర్పడ్డారు.

నాగావళి:
1952 ఉత్సవంలో దక్షిణాది నుంచి ప్రదర్శితమైన ఏకైక చిత్రం మన 'పాతాళభైరవి' అన్న సంగతి ఇద్దరూ మరిచారు.

మూడులాంతర్లు:
ఏడురోడ్లు గారూ, తిరువనంతపురంలో జనం ఉత్సవం వల్ల పుట్టలేదు. మలయాళ దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు 1965లోనే అక్కడ చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీని స్థాపించి, దశాబ్దాల పాటు ప్రేక్షకులను తయారుచేశారు. మన జిల్లాల్లో అటువంటి పునాది పడలేదు కనుకనే ఉత్సవం మన దగ్గరకు రావాలంటున్నాను.

ఏడురోడ్లు:
ముందు ఆ మద్రాసు మాట తేల్చండి. "మన రాజధానికి వచ్చినట్టే లెక్క" అన్నారు. పాలకొండ నుంచో, సాలూరు నుంచో 1952లో మద్రాసు వెళ్లి జపాను సినిమా చూసి వచ్చిన సామాన్యుడు మీకు తెలుసా? లేనప్పుడు అది ఏ లెక్క?

మూడులాంతర్లు:
నా వాదనంతా వదిలేసి ఒక్క వాక్యాన్ని పట్టుకున్నారు. నేను సొంత డబ్బుతో, రాత్రీ పగలూ రైల్లో కూర్చుని గోవా వెళ్లినవాణ్ణి. చూడాలనుకున్న చిత్రానికి సీట్లన్నీ ముందే నిండిపోయాయి, రెండు గంటలు వరుసలో నిలబడినా లోపలికి పోనివ్వలేదు. దూరం లెక్కలేదని మీరు ఇంట్లో కూర్చుని రాయడం తేలిక.

ఏడురోడ్లు:
ఇంట్లో కూర్చున్నవాణ్ణి కాదు. మా నాన్నగారు పలాస జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాసి రిటైరయ్యారు. తెలుగు పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి. విశాఖలో ఒక ఇరాన్ చిత్రం వేస్తున్నారంటే వెంటబెట్టుకుని వెళ్లాను. మీరు అడుగుతున్న 'దగ్గర' అదే కదా! తెర అడుగున వచ్చే అక్షరాలన్నీ ఇంగ్లీషువే. అరగంటయ్యాక ఆయన నా చెవిలో "ఆ పిల్ల ఏటంటోందిరా?" అని అడిగారు. నేను చెప్పబోతే ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆ తర్వాత ఆయన ఏమీ అడగలేదు, మరెప్పుడూ రాలేదు. ఉత్సవాన్ని మీరు మీ గంటస్తంభం దగ్గరే పెట్టించినా, ఆయనకు అది గోవా అంత దూరమే.

నాగావళి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే సగం తగవు ఉండేది కాదు.

మూడులాంతర్లు:
మీ నాన్నగారి విషయం చదివి నొచ్చుకున్నాను, "ఇంట్లో కూర్చుని" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయినా నా పట్టు వదలను. ఉత్సవం గోవాలో ఉన్నంతకాలం తెలుగు అక్షరాలు కావాలని అక్కడ అడిగే తెలుగువారు ఎందరు ఉంటారు? విశాఖ హాలులో మీ నాన్నగారి వంటివారు రెండు వందల మంది కూర్చుంటేనే నిర్వాహకులకు ఆ అవసరం కనిపిస్తుంది.

ఏడురోడ్లు:
అర్థం కాని సినిమా ముందు ఆ రెండు వందల మందిని ఎన్నాళ్లు కూర్చోబెడతారు? తెలుగు అక్షరాలు ముందు రావాలి. అవి వచ్చాక ఉత్సవం ఏ ఊళ్లో ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

నాగావళి:
మా ఊరి గ్రంథాలయంలో ప్రొజెక్టరు ఉంది. ఒక్క విదేశీ చిత్రానికి అనుమతి సంపాదిస్తే, దాని సంభాషణలను తెలుగులో రాసే పని మీరిద్దరూ పంచుకుంటారా?

ఏడురోడ్లు:
రాస్తాను. నాన్నగారిని తీసుకురావడం మాత్రం మాటివ్వలేను.