ఏపుగా పెరుగుతున్న కాగితం పూల మొక్క పూయడం లేదు

హైదరాబాద్‌లో మా డాబాపై మూడేళ్లుగా కుండీలో పెంచుతున్న గులాబీ రంగు కాగితం పూల మొక్క, గత వేసవిలో ఆకు కనబడనంతగా విరగబూసి, ఆ తర్వాత ఒక్క గుత్తి కూడా వేయలేదు. రోజుకు ఆరేడు గంటలు నేరుగా ఎండ తగులుతోంది, చీడపీడలు లేవు, ఆకులు ముదురాకుపచ్చగా ఉన్నాయి. కొమ్మలు మాత్రం ఐదడుగుల పొడవున సాగిపోతున్నాయి. జూన్‌లో 10 అంగుళాల కుండీ నుంచి 16 అంగుళాల కుండీలోకి మార్చినప్పుడు సగానికి సగం పశువుల ఎరువు కలిపాను, అదే ఎక్కువైందేమోనని నా అనుమానం. నవంబరులో కొమ్మలను మూడో వంతు కత్తిరించాను. డిసెంబరు నుంచి ఎరువు పూర్తిగా ఆపి, పైమట్టి రెండంగుళాల లోతు వరకు ఆరిన తర్వాతే నీళ్లు పోస్తున్నాను. ఫిబ్రవరి వచ్చినా ఆకు చిగుళ్లే తప్ప రంగు రేకుల జాడ లేదు. ఈ వేసవిలోనైనా పూయాలంటే ఇప్పుడే మట్టి మార్చి చిన్న కుండీలోకి తిరిగి నాటాలా, లేక వేళ్లను కదపకుండా నీటి ఎద్దడినే కొనసాగించాలా?