రంపపు పొట్టు కలిపాక కంపోస్టు కుప్ప వేడెక్కడం లేదు

మున్సిపాలిటీ తడి చెత్తతో కంపోస్టు చేస్తున్నాం. కుప్ప ఎత్తు మీటరున్నర. మొదట్లో వేడి 60 డిగ్రీలు దాటింది కానీ, అమ్మోనియా ఘాటుకి కళ్లు మండేవి. నత్రజని ఎక్కువైందని మూడు పాళ్ల చెత్తకు ఒక పాలు రంపపు పొట్టు కలిపాం. ఘాటు పోయింది, దాంతోపాటే వేడీ పోయింది. రెండు వారాలుగా 40 దగ్గరే ఆగింది. రోగక్రిములు, కలుపు గింజలు చావాలంటే కనీసం 55 ఉండాలి కదా, అదే టెన్షన్.

తేమ సమస్య కాదనుకుంటా. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే వస్తున్నాయి. తిరగేస్తే ఒక పూట 45కి ఎక్కి మళ్లీ దిగుతోంది. పాత కంపోస్టు కలిపినా తేడా లేదు. తవ్వి చూస్తే పొట్టు మాత్రం వేసిన రంగులోనే, పొడిపొడిగా అలాగే ఉంది.

ఘాటు మళ్లీ రాకుండా వేడి పెరగాలంటే ఈ పొట్టుకి బదులు ఎండుటాకులు, తరిగిన గడ్డి లాంటివాటిలో ఏది, ఎన్ని పాళ్లు వేయాలి?