ఇద్దరికీ ఒకేసారి కత్తి తగిలితే పాయింటు ఎవరికి ఇవ్వాలి?

పదునుగీత:
నాలుగేళ్లు ఎపీ (ఫెన్సింగ్‌లో మొనతో మాత్రమే పొడిచే కత్తి) ఆడి, ఇప్పుడు యూరప్ మధ్యయుగాల నాటి రెండు చేతుల పొడుగు కత్తి నేర్చుకుంటున్నాను. అప్పటి నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఎపీలో ఇద్దరి మొనలూ సెకనులో ఇరవై ఐదో వంతు తేడాలోపు తగిలితే స్కోరు యంత్రం మీది రెండు దీపాలూ వెలుగుతాయి, చెరొక పాయింటు వస్తుంది. 15 పాయింట్ల పోటీలో 14-12తో ముందున్న ఆటగాడు ఇక తనను తాను కాచుకోనక్కర లేదు. తాను పొడుస్తూ, తానూ పొడిపించుకుంటే 15-13, గెలుపు తనదే. నేను అలా ఎన్నో పోటీలు గెలిచాను. మాస్కు తీసి చేయి కలుపుతున్నప్పుడు రొమ్ము మీద అతని మొన తగిలిన చోటు ఇంకా నొప్పిగానే ఉండేది. అవి నిజం కత్తులైతే చేయి కలపడానికి ఇద్దరిలో ఎవరమూ మిగిలేవాళ్లం కాదు. ఎదుటివాడి కత్తి తనకు తగలకుండా కొట్టడమే కత్తి విద్య అని నా నమ్మకం. ఇద్దరికీ పాయింటు ఇచ్చే నియమం ఆ విద్యకు చేటు అంటాను. మీరేమంటారు?

ఎడమచేతి_ఎపీ:
పదునుగీత గారూ, 14-12తో ముందున్నవాడి సంగతి చెప్పారు. వెనకబడినవాడి సంగతి వదిలేశారు. ఆ క్షణం నుంచి అతనికి డబుల్, అంటే ఇద్దరికీ ఒకేసారి తగలడం, ఓటమే. తనకు తగలకుండా పొడవడం తప్ప వేరే దారి లేదు. మీరు కోరుకునే పాఠాన్ని ఎపీ అక్కడే, ఎంతో కఠినంగా నేర్పుతుంది. పైగా 14-14 దగ్గర డబుల్‌ను లెక్కలోకి తీసుకోరు. ఎపీ 19వ శతాబ్దపు ద్వంద్వయుద్ధాల నుంచి వచ్చింది. ఇద్దరికీ గాయమైతే ఇద్దరికీ అయినట్టే. జరిగింది జరిగినట్టు చెప్పే నియమాన్ని నేను తప్పుపట్టలేను.

మొదటి_అడుగు:
ఫెన్సింగ్‌లోని మిగతా రెండు కత్తులు ఫాయిల్, సేబర్‌లలో కూడా ఇంతేనా? ఈ మధ్యే చేరాను, తెలియక అడుగుతున్నాను.

ఎడమచేతి_ఎపీ:
కాదండీ. అక్కడ ప్రాధాన్యం అనే నియమం ఉంది. చేయి చాచి మొదట దాడికి దిగినవారిదే హక్కు. ఎదుటివారు ముందు ఆ కత్తిని అడ్డుకోవాలి, లేదా తప్పించుకోవాలి, ఆ తర్వాతే తిరిగి కొట్టాలి. రెండు దీపాలూ వెలిగితే ప్రాధాన్యం ఎవరిదో రిఫరీ తేలుస్తారు. మీద పడుతున్న కత్తిని పట్టించుకోకుండా ఎదురు పొడవడం ఆత్మహత్య అన్న ఆలోచనే ఆ నియమానికి పునాది.

వెదురుకత్తి:
మా కెండోలో, అంటే జపాన్ కత్తి విద్యలో, ఇద్దరూ ఒకేసారి కొడితే ఎవరికీ ఏమీ రాదు. నాకు అదే న్యాయం అనిపిస్తుంది. అసలు మాకు తగలడం ఒక్కటే చాలదు. మేము వాడే కత్తి షినాయి నాలుగు వెదురు బద్దల కట్ట, దానికి పదును లేదు. దాని వెంట ఒక తాడు బిగించి ఉంటుంది. ఆ తాడున్న వైపు కత్తి వీపు, ఎదురు వైపు పదును. పదును వైపుతో, మొనకు దగ్గరి భాగంతో, తల, ముంజేయి, పక్కలు, గొంతు, వీటిలో ఒకచోట తగలాలి. కేక, దెబ్బ, అడుగు కలిసి రావాలి. కొట్టాక కూడా అప్రమత్తంగా నిలబడాలి. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు జెండా ఎత్తితేనే పాయింటు. ఆ తర్వాత పిడికిలి ఊపి సంబరపడితే ఇచ్చిన పాయింటును వెనక్కి తీసుకోవచ్చు. దీపం ఈ పని చేయలేదు.

ఎడమచేతి_ఎపీ:
దీపానికి పేరూ పరపతీ తెలియవు కూడా. ఎపీ మొన మీద 750 గ్రాముల బరువుకు మించి ఒత్తిడి పడితేనే అది వెలుగుతుంది, పొడిచింది ఎవరైనా సరే. ముగ్గురి కళ్లను నమ్మడం కంటే నాకు ఇది మేలు.

తడిచాప:
నీళ్లలో నానబెట్టి చుట్టిన చాపను నిజం కత్తితో ఒక్కసారి నరికి చూడండి. వాలు సరిగ్గా కుదిరితే చేతికి దాదాపు ఏమీ తెలియదు, పై ముక్క ఒక క్షణం అక్కడే నిలబడి, తర్వాత జారుతుంది. పదును దిశ కొద్దిగా తప్పిందా, కత్తి సగంలో ఇరుక్కుంటుంది, కోత చెంచాలా వంగి కనిపిస్తుంది. సేబర్‌లో అలగు ఒరుసుకుంటే చాలు దీపం వెలుగుతుంది. మీరు డబుల్ అంటున్నవాటిలో సగం నిజానికి దెబ్బలే కావేమో.

వాయ్తారి:
నేను కేరళ యుద్ధవిద్య కలరిలో కత్తీ డాలూ నేర్చుకున్నాను. అక్కడ పాయింట్ల మాటే లేదు. గురువు నోటితో ఆజ్ఞలు ఇస్తుంటే ఇనుప కత్తులు డాళ్ల మీద పూర్తి వేగంతో పడతాయి. ఒక్క అడుగు తప్పినా వేళ్లు పోతాయన్న ఎరుక ప్రతి కదలికలోనూ ఉంటుంది. పాయింటు పెట్టగానే మనసు పాయింటు మీదికి పోతుంది. మీ చర్చ మొత్తం దానికి సాక్ష్యం.

వెదురుకత్తి:
వాయ్తారి గారూ, ఈ వాదన జపాన్‌లో 18వ శతాబ్దంలోనే జరిగింది. నాగనుమా షిరోజాఎమోన్ వెదురు కత్తినీ కవచాన్నీ సాధనలోకి తెచ్చాక, ముందే నిర్ణయించిన కదలికల వరుసల సాధనే చాలన్నవాళ్లు అది విద్యను పలచన చేస్తుందన్నారు. కానీ గురువు చెప్పినచోట పడే కత్తిని ఆపడం వేరు, ఎక్కడ పడుతుందో తెలియని కత్తిని ఆపడం వేరు. ఆ రెండోది తెలియాలంటే ఒప్పుకోని ప్రత్యర్థి ఎదురుగా ఉండాలి.

పదునుగీత:
ఎడమచేతి_ఎపీ గారి మాటలో బలం ఉంది, వెనకబడినవాడి గురించి నేను ఆలోచించలేదు. మా పొడుగు కత్తి పోటీల్లో చాలాచోట్ల ఇంకో పద్ధతి వాడతారు. దెబ్బ తిన్నవారు వెంటనే తిరిగి కొట్టగలిగితే మొదటి పాయింటు రద్దవుతుంది, లేదా తగ్గుతుంది. కొట్టాక కాచుకుంటూ వెనక్కి రావడం నేర్పడమే దీని ఉద్దేశం. కానీ కావాలనే దెబ్బ తిని, తిరిగి కొట్టి రద్దు చేయించేవాళ్లు తయారయ్యారు. అందుకే డబుల్ వస్తే ఇద్దరికీ పాయింట్లలో కోత పెట్టాలంటాను.

ఎడమచేతి_ఎపీ:
మేము సాధనలో అదే చేసి చూశాం. డబుల్ వస్తే ఇద్దరికీ ఒక పాయింటు కోత. మొదటి రోజు ఎవరూ కదల్లేదు. ఇద్దరూ ఒకరి మొన వంక ఒకరు చూస్తూ నిమిషాలు గడిపారు.

పదునుగీత:
తర్వాత?

ఎడమచేతి_ఎపీ:
నాలుగో వారానికి ఛాతీ మీద పొడుపులు దాదాపు ఆగిపోయాయి. అందరూ దూరం నుంచి ముంజేతినే వెతుకుతున్నారు. ఎదుటివారి మొనకు మన ఒళ్లు అందకుండా మన మొనకు దొరికేది అదొక్కటే. ఆట నెమ్మదించింది, నాకు కొంత విసుగు కూడా వచ్చింది. కానీ చేతికవచం అంచు కింద ఒదిగి ఉన్న మణికట్టు మీద మొన ఆనించడానికి నా శిష్యురాలు ఒకరు రెండు వేళ్ల వెడల్పు పక్కకు జరిగిన తీరు చూశాక, ఆ నియమాన్ని వారానికి ఒక రోజైనా ఉంచాలనుకున్నాను. పోటీల్లోకి మాత్రం వద్దు.

పదునుగీత:
ఆ ఒక్క రోజు నాకు చాలు. వచ్చే వారం మా దగ్గరా మొదలుపెడతాను.