బెలారూసియన్‌లో ‘ఆ’తో ముగిస్తే స్త్రీలింగం కాదా? తల పగిలిపోతోంది

నిద్రలేని_రాత్రి: సాయంత్రం నుంచి ఇదే పని. ‘ఆ’తో ముగిసేవి స్త్రీలింగం అని మొదటి పాఠంలోనే చెప్పారు. తీరా వోజెరా (సరస్సు) ముందు ‘వ్యాలీకయా’ (‘పెద్ద’కి స్త్రీలింగ రూపం) అని రాస్తే తప్పు. సబాకా (కుక్క) ముందు రాసినా తప్పే. బోల్ (నొప్పి) అయితే డిక్షనరీ చూసి మరీ స్త్రీలింగం పెట్టాను, అదీ తప్పట! ఇంతకీ లెక్కేంటి?

వ్యాకరణాభిమాని: ముందు మన భాష సంగతి తెలిస్తే ఇవన్నీ తేలిక. ‘ఆమె వచ్చింది, ఆవు వచ్చింది’ అంటాం. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి ‘వచ్చారు’. ఏకవచనంలో మనది మహత్తు (మగవాళ్లు), అమహత్తు (మిగతావన్నీ) విభజన. బళ్లో సంస్కృతం లెక్క బట్టీ పట్టించారు, గందరగోళం అక్కడే మొదలైంది.

పెసరట్టు: ఏ డిక్షనరీ?

విటెబ్స్క్_బాబు: ఇక్కడ బెలారస్‌లోనే మెడిసిన్ చదువుతున్నా. హాస్టల్లో, షాపులో వినపడేదంతా రష్యనే. 1995 రెఫరెండంతో అదీ అధికార భాషే అయింది. రష్యన్ నేర్చుకో బ్రో, టైమ్ వేస్ట్.

నిద్రలేని_రాత్రి: నేను అడిగింది అది కాదండీ. డిక్షనరీ రష్యన్‌దే. రెండూ దాదాపు ఒకటేగా?

పెసరట్టు: కాదు. బోల్, సబాకా, మెదాల్ (పతకం) రష్యన్‌లో స్త్రీలింగం, బెలారూసియన్‌లో పుంలింగం. మోత్స్‌నీ (తీవ్రమైన) బోల్, వ్యాలీకి సబాకా. వోజెరా నపుంసకం. ఊనిక (ఒత్తి పలకడం) లేని ‘ఓ’ని వీళ్లు ‘ఆ’ అని పలకడమే కాదు, రాసేదీ అలాగే. రష్యన్‌లో పలుకుబడి మారినా రాతలో ‘ఓ’ ఉంటుంది. అక్నో (కిటికీ)లో ఊనిక చివర పడింది కాబట్టి ‘ఓ’ మిగిలింది. డౌటొస్తే కర్మగా పెట్టి చూడండి: వదా (నీళ్లు) ‘వదూ’ అవుతుంది, వోజెరా మారదు. సబాకాకి ఈ చిట్కా పనిచేయదు, అదీ ‘సబాకూ’ అవుతుంది. విశేషణంతో కలిపి గుర్తుపెట్టుకోవడమే.

తెలుగుమేష్టారు: @వ్యాకరణాభిమాని మహతీ వాచకాల్ని (ఆడవాళ్లని చెప్పే మాటల్ని) ఎక్కడ వదిలేశారు?

వ్యాకరణాభిమాని: వదల్లేదు. క్రియ దగ్గర మహతికి వేరే రూపం ఉందా, చూపించండి.

తెలుగుమేష్టారు: సర్వనామం లేదా? ‘ఆమె’, ‘అది’ ఒకటేనా?

నిద్రలేని_రాత్రి: ఓకే, థ్యాంక్స్. మోరా (సముద్రం) కూడా వోజెరా లాగేనా?

వ్యాకరణాభిమాని: మేష్టారూ, ‘అది వచ్చింది’ అని ఆడపిల్లని అనరా మీ ఊళ్లో?