స్పిట్‌ఫైర్ ముందు ట్రనియన్లకు నూనెనా, గ్రీజా?

నీలి_స్పిట్‌ఫైర్ (రెడింగ్)
అందరికీ నమస్కారం. 1978 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ 1500 కారు కొన్నాను. మలుపుల్లో స్టీరింగు ఒకవైపు బరువుగా తిరుగుతోంది. ముందు చక్రం దగ్గర నిలువు లింకు కింది కొసకు మర ఉంటుంది, అది ఇత్తడి ట్రనియన్‌లోకి దిగి ఉంటుంది, చక్రం తిప్పినప్పుడల్లా ఆ మర మీదే కదలాలి. అక్కడ పొడిబారిందని నా అనుమానం. కంపెనీ పుస్తకం ఈపీ90 గేరు నూనె ఎక్కించమంటోంది. పాత యజమాని వాడిన గ్యారేజీలో మాత్రం ఎప్పుడూ గ్రీజే కొట్టారట. ఏది సరైనది?

కోవెంట్రీ_ప్రసాద్
నూనె. ఇందులో రెండో మాట లేదు. మా ఇంటికి కాస్త దూరంలోనే ఉన్న కేన్లీ కర్మాగారంలో 1980 దాకా ఈ కార్లు కట్టారు. కట్టినవారే నూనె అని రాసి పెట్టారు. ఎందుకో కూడా చెబుతాను. గ్రీజు నెట్టిన చోటే కూర్చుంటుంది. మర పై భాగానికి పాకదు. కొన్నాళ్లకు మైనంలా గట్టిపడి దారి మూసేస్తుంది, ఆ తర్వాత మీరు ఎంత కొట్టినా లోపలికి పోదు. వాన నీరు పై సీలు దగ్గర నుంచి దిగి మర మీద నిలుస్తుంది. లింకు ఉక్కు కాబట్టి తుప్పు పడుతుంది, తుప్పు తిన్న గాడిలో పగులు మొదలవుతుంది. విరిగేది ఎక్కువగా పార్కింగులో, చక్రం పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలేటప్పుడు. చక్రం పక్కకు మడుచుకుపోతుంది, కారు ముక్కు నేలను తాకుతుంది. అదే మోటార్‌వే మీద జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

చేసే పద్ధతి ఇది. గ్రీజు గన్ ఒకటి విడిగా కొని అందులో ఈపీ90 నింపండి. జాకీ పెట్టి చక్రాన్ని నేల మీద నుంచి లేపండి. పై సీలు దగ్గర నూనె ఊరే వరకు కొట్టండి. స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి మళ్లీ కొట్టండి. నిపిల్ (గన్ తగిలించే చిన్న మూతి) కనిపించింది కాబట్టి గ్రీజే కొట్టాలనుకోవడం ఈ కార్లకు పట్టిన శని.

లీడ్స్_మురళి
నూనె.

ఎంజీబీ_ప్రియుడు
ఎంజీబీ కారులో ఈ బాధ లేదు. కింగ్‌పిన్లకు (ముందు చక్రం తిరిగే నిలువు కీళ్లకు) గ్రీజు కొట్టామంటే హాయిగా తిరుగుతుంది. వచ్చేసారి ఎంజీబీ కొనండి.

ఆటోనగర్_బాషా (లూటన్)
ప్రసాద్ గారూ, ఆ పుస్తకం నేనూ చదివాను. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో స్టాండర్డ్ హెరాల్డ్‌లకు పేరున్న మెకానిక్. తెలియనివారి కోసం: అది మద్రాసులో 1961 నుంచి తయారైన బండి, పేరు మార్చిన ట్రయంఫ్ హెరాల్డ్. స్పిట్‌ఫైర్ పుట్టింది ఆ హెరాల్డ్ నుంచే. ముందు సస్పెన్షన్ అదే, ట్రనియన్ అదే. డాక్టర్లు, ప్లీడర్లు మా షెడ్డుకు తెచ్చేవారు. మేము గ్రీజే కొట్టేవాళ్లం. మా షెడ్డులో గ్రీజు కొట్టిన బండికి లింకు విరగడం నేను చూడలేదు. ఇంగ్లండుకు వచ్చి గ్యారేజీలో చేరాక కూడా ఎన్నో ట్రయంఫ్‌లు నా చేతి మీదుగా వెళ్లాయి.

నూనెతో ఉన్న చిక్కు మీరు రాయలేదు. ఎక్కించిన కొద్ది రోజులకే కింద నేల మీద మరక కనిపిస్తుంది. కారిపోయిన నూనె ఏ మరను కాపాడుతుంది? వారం వారం నూనె పట్టే ఓపిక ఉన్నవారికి మీ మాట సరే. ఎండ కాసినప్పుడు మాత్రమే బండి బయటికి తీసేవారికి గ్రీజే మేలు. గట్టి గ్రీజు వద్దు, 00 రకం పలుచటి గ్రీజు వాడండి. అది పాకుతుంది, నిలుస్తుంది కూడా.

కోవెంట్రీ_ప్రసాద్
బాషా గారూ, విజయవాడలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లరు. ఇక్కడ మంచు పడుతుందనగానే కౌన్సిల్ లారీలు ఉప్పు చల్లుకుంటూ వెళతాయి. ఆ ఉప్పునీరు మరలోకి చేరితే గ్రీజు దాన్ని లోపలే బంధిస్తుంది, నూనె అయితే బయటికి తోసేస్తుంది. అక్కడి అనుభవం ఇక్కడికి పనికిరాదు. ఇక నూనె కారిపోతోందంటే సీలు చిరిగిందని అర్థం. సీలు మార్చాలి గానీ నూనెను తిట్టకూడదు.

హైదరాబాద్_పాతబండ్లు
ఈపీ90 గేరు నూనె డబ్బాల మీద జీఎల్4, జీఎల్5 అని రెండు రకాలు ఉంటాయి. ఏది కొనాలి?

కోవెంట్రీ_ప్రసాద్
జీఎల్4 మాత్రమే. జీఎల్5లో గంధకం కలిసిన రసాయనాలు ఎక్కువ, అవి ఇత్తడిని, కంచును తినేస్తాయి. గేరుబాక్సులో గేర్లు మార్చేటప్పుడు వేగాలు కలిపే సింక్రో రింగులు కూడా ఇత్తడివే, అక్కడా ఇదే నియమం. డబ్బా మీద అంకె చూడకుండా కొనకండి.

డెర్బీ_వనజ
నేను కందెనల ప్రయోగశాలలో పని చేస్తాను. గంధకం ఇత్తడి మీద దాడి చేయాలంటే వేడి కావాలి. గేరుబాక్సు విషయంలో మీ జాగ్రత్త సబబే. ట్రనియన్‌లో అంత వేడి ఎక్కడ పుడుతుంది? అక్కడ జీఎల్5 పోసినా కొంప మునగదు.

కోవెంట్రీ_ప్రసాద్
వేడి లేకపోయినా ఏళ్ల తరబడి నానుతుంది కదా. జీఎల్4 దొరుకుతుండగా జీఎల్5 ఎందుకు పోయాలి?

డెర్బీ_వనజ
పోయమని నేను అనలేదు. భయపెట్టకండి అన్నాను.

కోవెంట్రీ_ప్రసాద్
భయపడాల్సిన చోట భయపెట్టడం తప్పు కాదు. జీఎల్4.

నీలి_స్పిట్‌ఫైర్
నా స్టీరింగు ఇంకా బరువుగానే ఉంది. ఇప్పటికే గ్రీజు నిండి ఉన్న ట్రనియన్‌లోకి నూనె ఎలా పోతుంది? అది ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్_బాషా
పోదు, అమ్మా. ఈ చర్చలో అసలు ప్రశ్న మీరే అడిగారు. విప్పి, కడిగి, మర చూడాలి. చూడకుండా పైనుంచి ఏది కొట్టినా ఒకటే.

కోవెంట్రీ_ప్రసాద్
ఇప్పుడు దారికి వచ్చారు. గ్రీజు దేనికి పనికొస్తుందో నేను చెబుతాను: అరిగిపోయిన మరను దాచడానికి. నేను కొన్న ట్రయంఫ్ జీటీ6 కారు సంగతి వినండి, దానికీ ఇదే లింకు. అమ్మినాయన నిపిళ్లన్నీ గ్రీజుతో నింపి మెరిపించాడు. చక్రం పట్టుకుని ఊపితే కాస్తయినా వదులు తెలియలేదు, గట్టి గ్రీజు ఆ ఖాళీని పూడ్చేసింది. సూపర్‌మార్కెట్ ముందు వెనక్కి తీస్తుండగా లింకు విరిగింది. పక్క సీట్లో మా అమ్మాయి ఉంది. విరిగిన ముక్క ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. ముప్పాతిక భాగం పాత తుప్పు గోధుమ రంగులో ఉంటుంది, చివరికి తెగిన కాస్త భాగం మాత్రమే వెండిలా మెరుస్తుంది. అంటే ఆ పగులు ఎంతో కాలంగా లోపల పెరుగుతోంది. ఆ ముక్క చూసినవారెవరూ గ్రీజు మాట ఎత్తరు.

ఆటోనగర్_బాషా
మీ అమ్మాయికి ఏమీ కానందుకు అల్లాకు కృతజ్ఞతలు. కానీ మిమ్మల్ని మోసం చేసింది ఒక మనిషి, గ్రీజు కాదు. నూనె పోసి అమ్మినా ఆ పగులు అక్కడే ఉండేది. ఆ కోపం తెచ్చి మా మీద రుద్దుతున్నారు.

నా అనుభవం కూడా వినండి. ఒకాయన స్పిట్‌ఫైర్ తెచ్చాడు, ఐటీ ఉద్యోగి, మనవాడే. మొదటి రోజు నుంచీ పుస్తకం తెరిచి నా పక్కనే నిలబడ్డాడు. లింకు అరిగింది, మార్చాలి అన్నాను. పుస్తకంలో ఈ కొలతే లేదు, నీకేం తెలుసు అన్నాడు. విప్పిన కూలి కూడా ఇవ్వకుండా బండి తీసుకుపోయాడు. పుస్తకం చదివినవారందరూ మెకానిక్కులు కారు.

కోవెంట్రీ_ప్రసాద్
పానా పట్టినవారందరూ ఇంజనీర్లు కారు.

ఎంజీబీ_ప్రియుడు
పెద్దవారు, ఇద్దరూ ఆగండి.

ఆటోనగర్_బాషా
ఆగను. మా నాన్నగారి చేతి పనిని మీరు పనికిరాదు అన్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ట్రనియన్ చుట్టూ వేలు తిప్పి ఎక్కడ అరిగిందో చెప్పేవారు. ఏ పుస్తకం చెబుతుంది అది?

నిర్వాహకులు
వ్యక్తిగత మాటలు వద్దు. కొనసాగితే చర్చ మూసేస్తాం.

కోవెంట్రీ_ప్రసాద్
మీ నాన్నగారి పనిని నేను అనలేదు. ఉప్పు సంగతి చెప్పాను, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

ఆటోనగర్_బాషా
సరే, మనసులో ఉన్నది నేరుగా రాస్తాను. నా బాధ నూనె గురించి కాదు. 2018 మే నుంచి ఇక్కడ బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన బండికి, పెద్ద మార్పులు చేయకపోతే, ఏటా జరిగే ఎంఓటీ (బండి రోడ్డుకు తగినదా అని చూసే) పరీక్ష అక్కర్లేదన్నారు. బండి రోడ్డుకు తగినట్టు ఉంచే బాధ్యత యజమానిదేనని చట్టం అంటుంది నిజమే. మరి చూసేదెవరు? వీడియో చూసి స్టీరింగు విప్పుతారు, వేదికలో అడిగి బ్రేకులు బిగిస్తారు. మీరు నూనె, జీఎల్4 అని రాస్తుంటే చదివినవారు ఏమనుకుంటారు? సరైన డబ్బా కొంటే బండి భద్రంగా ఉన్నట్టే అనుకుంటారు. స్టీరింగు, బ్రేకులు, సస్పెన్షన్ ఈ మూడూ పని తెలిసినవాడే ముట్టుకోవాలి. పాత బండ్లన్నిటికీ పరీక్ష మళ్లీ తప్పనిసరి చేయాలి. నా మాట ఇది.

కోవెంట్రీ_ప్రసాద్
అయితే మన తగవు ఇక్కడుంది. దీనికి మాత్రం నేను ఒప్పుకోను.

పరీక్షలో ఏం చేస్తారు? దేన్నీ విప్పరు. చక్రం ఊపి చూస్తారు, కింద నుంచి లైటు వేసి చూస్తారు. నా జీటీ6 ఆ ఊపుడుకు దొరకలేదని ఇందాకే రాశాను. ఇవాళ గ్యారేజీల్లో చేరుతున్న కుర్రవాళ్లలో ఎంతమంది ట్రనియన్ చూసి ఉంటారు? ఎస్‌యూ కార్బ్యురేటర్‌లో డంపర్ నూనె పోయాలని ఎంతమందికి తెలుసు? కంప్యూటర్ తగిలించే సాకెట్ లేని బండి తెస్తే వద్దనే గ్యారేజీలు మా ఊళ్లోనే ఉన్నాయి. ఈ కార్లు మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. మిగిలినవి ఇంకా రోడ్డు మీద ఉన్నాయంటే, ఇంటి వెనుక షెడ్డులో చేతులు నల్లగా చేసుకునే మామూలు మనుషులే కారణం. యజమాని పానా పట్టకూడదంటే గంటకు ఇంత అని ఇచ్చుకోగల ధనవంతుల దగ్గరే ఇవి మిగులుతాయి. నేను పుస్తకాన్ని పట్టుకుని వేలాడేది అందుకే. మీకు మీ నాన్నగారు నేర్పారు. నాకు నేర్పేవారు లేరు, పుస్తకమే ఉంది.

డెర్బీ_వనజ
ఎంఓటీ అక్కర్లేని కారునైనా మనంతట మనం పరీక్షకు తీసుకువెళ్లవచ్చు కదా. సొంతంగా పని చేసుకునేవారే ముందుగా వెళ్లాలి. చిరిగిన బ్రేకు గొట్టమో, పగిలిన సీలో ఇంకొకరి కంటికి పడుతుంది.

ఆటోనగర్_బాషా
వెళ్లవచ్చు. వెళ్లేవాడు ఎలాగూ జాగ్రత్తపరుడే, వనజ గారూ. నేను మాట్లాడేది వెళ్లనివాడి గురించి. వాడి బండి ఎదురుగా వచ్చేది నా పిల్లల బండికి.

ప్రసాద్ గారూ, నేర్పేవారు లేరన్నారు. లూటన్ ఎంతో దూరం కాదు.

లీడ్స్_మురళి
ట్రనియన్ తీసేసి గోళాకారపు కీలు బిగించే కిట్లు దొరుకుతున్నాయి. అది వేస్తే ఈ గొడవే ఉండదు.

కోవెంట్రీ_ప్రసాద్
మురళి గారూ, దాని గురించి వేరే చర్చ మొదలుపెట్టండి. అక్కడికి వచ్చి వద్దని చెబుతాను.

నీలి_స్పిట్‌ఫైర్
ఈ శనివారం విప్పుతున్నాను. ఒకసారి ఈ పని చేసిన పొరుగాయన పక్కన ఉంటానన్నారు. కొత్త సీళ్లు తెప్పించాను. లింకుకు గాడి కనిపిస్తే కొత్తది వేస్తాను. బిగించాక ఎంఓటీకి కూడా సమయం తీసుకున్నాను. విప్పేటప్పుడు చూసుకోవాల్సింది ఏమైనా ఉంటే చెప్పండి.

ఆటోనగర్_బాషా
ఏ వైపుది ఆ వైపే పెట్టండి అమ్మా, రెండు వైపులా మర తిరిగే దిక్కు వేరు. కిరోసిన్‌తో కడిగి, ఆరాక మర మొదట్లో, పైనుంచి తొలి చుట్ల దగ్గర గోరుతో గీయండి. గోరు తట్టుకుంటే ఆ లింకు మళ్లీ బిగించకండి. తిరిగి ఎక్కించేటప్పుడు ట్రనియన్‌ను చివరి దాకా తిప్పి, అక్కడి నుంచి కాస్త వెనక్కి రండి. చివరి దాకా బిగించి వదిలేస్తే స్టీరింగు ఒకవైపు పూర్తిగా తిరగదు, బలవంతంగా తిప్పితే మర మీదే భారం పడుతుంది.

కోవెంట్రీ_ప్రసాద్
బాషా గారు చెప్పినది ప్రతి అక్షరమూ పాటించండి. ఆ తర్వాత ఎక్కించేది నూనె.

ఆటోనగర్_బాషా
కొత్త సీలు వేస్తే నూనె. పాత సీలే ఉంచితే పలుచటి గ్రీజు. అంతకు మించి నేను తగ్గను.